నీళ్లలో నాలుగు పుంజులు

ఫోన్ మోగినప్పుడు శ్రీరంజని చేతిలో కత్తి ఉంది. టేబుల్ మీద చచ్చిన కోడి. దాని తొడ ఎముకను తుంటి కీలు దగ్గర విడదీసే పని సగంలో ఉంది. గ్లవ్స్ తీయకుండా మోచేత్తో ఫోన్‌ను పొడిచి స్పీకర్లో పెట్టింది.

"మేడమ్, పుంజులు లేవు," అన్నాడు మోహన్‌కుమార్.

బాగేపల్లి షెడ్డుకు సూపర్‌వైజర్ అతను. మామూలుగా అయితే ముందు టిఫిన్ అయిందా అని అడుగుతాడు, ఎండ గురించి నాలుగు మాటలు చెప్తాడు, ఆ తర్వాతే అసలు సంగతికి వస్తాడు. ఈ రోజు అవేవీ లేవు.

"ఏ పుంజులు?"

"ఆఖరి గదిలోవి. నాలుగూ. దానా మూటలు దించుకుందామని రోడ్డుకాడికి పోయినా మేడమ్. తిరిగొచ్చి చూస్తే గది ఖాళీ. కాలి రింగులు మాత్రం కింద పడుండాయి. కత్తెరతో కత్తిరించినారు."

శ్రీరంజని కత్తి కింద పెట్టింది. "దొంగలా?"

"దొంగలైతే బాగుండు, కంప్లయింటు ఇచ్చుంటిమి. తీసుకోనిపోయింది మునిలక్ష్మమ్మ. మురుగమల్ల దర్గాలో కందూరు చేస్తాండారంట. మొక్కుబడి."

కందూరు అంటే దర్గా దగ్గర కోడినో పొట్టేలునో కోసి, అక్కడే వండి, వచ్చినవాళ్లందరికీ పెట్టడం. ఈ చుట్టుపక్కల హిందువులూ చేస్తారు, ముస్లింలూ చేస్తారు. శ్రీరంజనికి ఆ మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. గ్లవ్స్ ఊడదీసి, కారు తాళాలు అందుకుని, చిక్కబళ్లాపురం ల్యాబు మెట్లు రెండేసి చొప్పున దిగింది.

కారు శిడ్లఘట్ట రోడ్డెక్కింది. రెండు పక్కలా మల్బరీ తోటలు. ముందు పట్టుగూళ్ల బస్తాలు వేసుకున్న ఆటో ఒకటి రోడ్డంతా తనదే అన్నట్టు పోతోంది. హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండానే రామకృష్ణప్పకు ఫోన్ కలిపింది. షెడ్డు ఆయనదే, అందులోని కోళ్లు శ్రీరంజని పనిచేసే కంపెనీవి. మునిలక్ష్మమ్మ ఆయన భార్య. మూడుసార్లు మోగి ఆగిపోయాక నాలుగోసారి ఎత్తాడు.

"అప్పా, నేను శ్రీరంజని. ఆ పుంజుల్ని కొయ్యనియ్యద్దు!"

"ఏమ్మా? ఈడ మైకు మోగుతాండాది. గట్టిగా చెప్పు."

"పుంజులు! కొయ్యద్దు!"

"కోసేదానికే కదమ్మా తెచ్చింది," అన్నాడాయన ఆశ్చర్యంగా. "ఎంత కష్టపడి తెచ్చినామో నీకేం తెలుసు. ఏం మేపినావో ఏమో, ఒక్కోటి గొర్రెపిల్లంత ఉండాయి. బుట్టలో రెండే పట్టె. ఇంగ రెండిటికి కాళ్లు కట్టి టెంపో కమ్మీకి తగిలిస్తిమి. పాపం, చేళూరు రోడ్డు గుంతలన్నీ తలకిందులుగా చూసుకుంటా వచ్చినాయి."

"అప్పా, నా మాట వినండి. నేను వచ్చేదాకా ఆపండి."

"నాదేముండాది? మా ఆడమనిషిని అడుగు. శుక్రవారం కదా, నమాజు అయినాక కోస్తారంట. నువ్వూ రామ్మా, భోజనం చేసి పోదువు... అయ్యో, నువ్వు తినవు కదా! నీకు పెరుగన్నం చెప్తాలే."

ఫోన్ కట్టయింది.

శ్రీరంజని తాత చింతామణిలో అర్చకుడు. "ఆయన చేతిలో హారతి పళ్లెం, నీ చేతిలో కోడి తుంటి," అని వాళ్ల అమ్మ పంకజ ఇప్పటికీ దెప్పుతుంది. గుడ్డు కూడా ముట్టని ఇంట్లో పుట్టిన పిల్ల ఐదేళ్లుగా కోళ్ల తుంటి ఎముకలు కోస్తూనే ఉంది. కారణం ఒకటే రోగం.

బ్రాయిలర్ కోడి త్వరగా బరువెక్కుతుంది. ఎముక ఆ బరువును అందుకోలేక తొడ ఎముక తల దగ్గర కంటికి కనిపించనంత సన్నగా చిట్లుతుంది. రక్తంలో తిరిగే బ్యాక్టీరియా ఆ పగుళ్లలో చేరి కాపురం పెడుతుంది. అక్కడికి రక్తం సరిగా అందదు, కాబట్టి మందూ అందదు. ఎముక లోపల్లోపలే కుళ్లుతుంది. ఒకరోజు కోడి రెక్కను నేలకు ఆనించి, దాన్నే చేతికర్రలా చేసుకుని కుంటుతుంది. ఆ తర్వాత కూలబడుతుంది. నీళ్ల దాకా పోలేక చచ్చిపోతుంది.

అదే దానా, అదే నీళ్లు, అదే షెడ్డు. అయినా కొన్ని కుటుంబాల కోళ్లు సగానికి సగం పడిపోతాయి, కొన్ని కుటుంబాలవి నిలబడతాయి. అంటే తేడా పుట్టుకలోనే ఉంది. ఆ నిలబడే కుటుంబాన్ని ఏరి, దాని సంతానాన్ని పెంచితే రోగం మొదలంటా తగ్గుతుంది. చెప్పడానికి సులువే. చిక్కల్లా ఏమిటంటే, బతికున్న కోడిని చూసి దాని ఎముక ఎలా ఉందో చెప్పలేం. నిటారుగా నడిచే పుంజు లోపల కూడా తుంటి కుళ్లి ఉండొచ్చు. అందుకే ఒక పుంజు మంచిదో కాదో తెలియాలంటే దాని అన్నదమ్ముల్నీ అక్కచెల్లెళ్లనీ కోసి చూడాలి.

శ్రీరంజని అదే చేసింది. ఇరవై ఏడో నంబరు కుటుంబంలో ఒక్క ఎముక కూడా కుళ్లలేదు. ఐదేళ్లలో అలాంటి కుటుంబం అదొక్కటే. రుజువు కోసం దాదాపు అన్నిటినీ కోసేసింది. తండ్రి పుంజు పోయిన ఎండాకాలం వడదెబ్బకు పోయింది. ఆవుల విషయంలో చేసినట్టు వీర్యాన్ని గడ్డకట్టించి దాచుకుందామంటే కోళ్లలో అది నమ్మదగ్గ పని కాదు. మిగిలింది రెండు పుంజులు. వాటితో పోల్చి చూడటానికి పదకొండో కుటుంబం నుంచి ఇంకో రెండు. ఆ కుటుంబంలో చూడ్డానికి అన్నీ పహిల్వాన్లే, కోసి చూస్తే అన్నిటి తుంటీ కుళ్లే. ఈ నాలుగింటినీ వచ్చే వారం పెట్టలతో కలపాలి.

"ఈసారి పిల్లలు చూపించలేకపోతే ఆ షెడ్డు మూసేద్దాం శ్రీరంజనీ," అని కంపెనీ డైరెక్టర్ శ్రీనివాసమూర్తి మొన్ననే నెమ్మదిగా, మర్యాదగా చెప్పాడు. ఆయన మర్యాదగా చెప్పిన మాట ఇంతవరకూ మారలేదు.

చింతామణి దాటింది. దూరంగా మైకులో నమాజు మొదలైంది.

దర్గా వీధి జనంతో కిక్కిరిసి ఉంది. అత్తరు దుకాణాలూ, పూల చద్దర్లూ, బొరుగుల తట్టలూ తోసుకుంటూ రేకుల షెడ్ల వైపు నడిచింది. నాలుగో షెడ్డులో, మూడు రాళ్ల పొయ్యి పక్కన మునిలక్ష్మమ్మ ఉల్లిగడ్డలు కోస్తూ కనిపించింది. పక్కనే పెద్ద గంప బోర్లించి ఉంది. గంప సందుల్లోంచి తెల్లటి ఈకలు కనిపిస్తున్నాయి.

నాలుగూ బతికే ఉన్నాయి.

"రామ్మా డాక్టరమ్మా," అంది మునిలక్ష్మమ్మ కన్నీళ్లు తుడుచుకుంటూ. అవి ఉల్లిగడ్డల కన్నీళ్లే. "పిలవకుండానే వస్తివి. నిన్ను పిలవనిది నా తప్పే."

"నా పుంజుల కోసం వచ్చినానమ్మా."

"నీవి ఎట్లయితాయి? షెడ్డు మాది."

"షెడ్డు మీది. పుంజులు కంపెనీవి."

"కోళ్లన్నీ కంపెనీవే. అప్పుడప్పుడూ ఒకటీ అరా మేము కోసుకుంటే నువ్వు ఎప్పుడన్నా అడిగినావా?"

అడగలేదు. అది నిజం. శ్రీరంజని నేల మీద ఆమె ఎదురుగా కూర్చుంది. "షెడ్డులో ఇన్ని కోళ్లుండగా ఇవే ఎందుకు తెచ్చినారు?"

మునిలక్ష్మమ్మ కత్తిపీట పక్కకు జరిపింది. అవతల షెడ్డు స్తంభం చుట్టూ తిరుగుతున్న మనవరాలి వైపు గడ్డంతో చూపించింది. ఎనిమిదేళ్ల శృతి.

"పోయినేడు ఈ పిల్ల కుంటుతా ఉంటే అందరూ బెణికిందన్నారు. నూనె రాసినాం, కట్టు కట్టినాం. షెడ్డుకాడికి వచ్చిన నువ్వు దాని నడక చూసి, 'కాలు కాదమ్మా, తుంటి. ఎముకలో చీము పట్టుండొచ్చు, ఈ రోజే ఆస్పత్రికి తీసుకోనిపోండి' అంటివి. గుర్తుండాదా?"

శ్రీరంజని తలూపింది. ఎలా మరిచిపోతుంది? కోళ్లలో తను రోజూ చూసే జాతి బ్యాక్టీరియానే ఆ పిల్ల తుంటిలో దొరికింది.

"ఆపరేషన్ చేసినాక పిల్ల మంచంలో ఉండంగా నేను ఈ దర్గాకి మొక్కుకున్నా. దీని కాలు నిలబడితే, ఏ వంకా లేని కాలుండే పుంజును ఇస్తానని. కాలికి కాలు. కుంటిదాన్ని ఇస్తే పిల్లకి మళ్లీ తిరగబెడతాది. షెడ్డంతా తిరిగి చూసినానమ్మా. ఒకటి ఒంగి నడుస్తాది, ఒకటి రెక్క నేలకానిస్తాది. ఆఖరి గదిలో ఈ నాలుగే దొరల మాదిరి నిలబడుండాయి. నేనేం చేసేది?"

ఐదేళ్లుగా తను దేనికోసం వెతుకుతోందో ఈవిడా సరిగ్గా దాన్నే వెతికి పట్టుకుంది.

"మొక్కు ఎన్ని పుంజులకి?"

"ఒకటే. మూడు చుట్టాలకి."

"చుట్టాలకు చింతామణి నుంచి చికెన్ నేను తెప్పిస్తా."

"తెప్పించు తెప్పించు," అన్నాడు రామకృష్ణప్ప పొయ్యిలో కట్టెలు సర్దుతూ. "అదైతే ఉడుకుతాది కూడా. వీటి తొడలు చూస్తే సాయంత్రందాకా మంట పెట్టేట్టుండాయి."

"ఒకటి ఇస్తే చాలు కదా?" శ్రీరంజని గంప ఎత్తింది. నాలుగు పుంజులు. నాలుగూ తెలుపే, ఒకే ఒడ్డూ పొడుగూ, ఒకే ఎర్ర జుట్టు. కాళ్లకు రింగులు లేవు. ఎత్తిన గంప ఆమె చేతుల్లో అలాగే ఉండిపోయింది.

"రింగులు ఎందుకు కోసేసినారమ్మా?"

"మొక్కుకోడికి సొంతదారు గుర్తు ఉండొచ్చునా? అట్లయితే ఇచ్చినట్టా, మళ్లీ అడుక్కునేదానికి దాచిపెట్టినట్టా?"

ఇరవై ఏడుకు పచ్చ రింగు, పదకొండుకు నీలం. ఆ తేడా ఇప్పుడు బాగేపల్లి షెడ్డు నేల మీద పడి ఉంది. ఈక తీసి బెంగళూరుకు పంపితే జన్యు పరీక్షలో తెలుస్తుంది. దానికి రోజులు పడతాయి. నమాజు ఇంకాసేపట్లో ముగుస్తుంది. కళ్లు మూసుకుని ఒకటి తీసిస్తే, అది ఇరవై ఏడో కుటుంబానిదే అయ్యే అవకాశం సగానికి సగం.

అప్పుడామె కళ్లు కుళాయిల దగ్గర గిన్నెలు తోముకునే సిమెంటు తొట్టి మీద పడ్డాయి.

"శృతీ, ఆ బకెట్ తేమ్మా!"

తొట్టి అడుగు చదునుగా ఉంది. వేళ్లు మునిగేంత నీళ్లు పోసింది. ఎండకు ట్యాంకులోని నీళ్లు అప్పటికే వెచ్చబడి ఉన్నాయి. ఒక్కో పుంజునూ రెండు చేతులా ఎత్తి తెచ్చి తొట్టిలో నిలబెట్టింది.

"కోళ్లకి స్నానమా?" అంది శృతి.

"కాదు, పరీక్ష. కోడికి నీళ్లలో కూర్చోవడం నచ్చదు. కాళ్లలో బలం ఉన్నంతసేపూ నిలబడే ఉంటుంది. లోపల నొప్పి ఉన్నది ముందు కూర్చుంటుంది. మామూలుగా ఒక్కోదాన్నీ విడిగా చూస్తాం. ఇప్పుడు అంత టైము లేదు."

మాట పక్క షెడ్లకు పాకింది. గరిటెలు పట్టుకునే వచ్చి తొట్టి చుట్టూ చేరారు. ఎవరో ఎడమవైపు పుంజు మీద పందెం కాస్తానన్నారు. "దర్గాకాడ పందెమా? సిగ్గుండాదా?" అని ఇంకెవరో కసిరారు. శ్రీరంజనికి అవేవీ వినపడటం లేదు. ఎనిమిది పసుపుపచ్చ కాళ్లు. వాటినే చూస్తోంది.

ఒక పుంజు కాలు మార్చింది. మళ్లీ మార్చింది. మడమ కీలు కొద్దిగా వంగింది. లేచింది. వణికింది. ఒక్కసారిగా నీళ్లలో కూలబడి, రెక్కలు తడిసి, కోపంగా అరిచింది.

"ఒకటి పాయె!" అన్నారెవరో.

మైకులో నమాజు ముగింపు దువా వినిపిస్తోంది. రెండో పుంజు మెడ చాచింది, ముక్కు తెరిచింది. పడుతుందనుకున్నప్పుడు నిలదొక్కుకుంది. నిలబడుతుందనుకున్నప్పుడు కూర్చుంది. మిగతా రెండూ రాతి స్తంభాల్లా కదలకుండా ఉన్నాయి. ఒకటైతే మెడ నిక్కించి కూత కూడా పెట్టింది. జనం నవ్వారు.

నిలబడినవి రెండు. ఇరవై ఏడోవి రెండు. తేలిపోయింది.

"ఈ కూర్చున్నవాటిలో ఒకటి తీసుకోండమ్మా," అంది తడి చేతులు దుపట్టాకు తుడుచుకుంటూ.

మునిలక్ష్మమ్మ ఆమె వైపు వింతగా చూసింది. "ఇంతమంది ముందర అవి కుంటివని నువ్వే చూపిస్తివి. మళ్లీ నువ్వే తీసుకోమంటివి. నా మొక్కు ఏమని చెప్పినా? నిలబడినదాన్ని ఇయ్యి."

చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు. శ్రీరంజనికి నెత్తిన నీళ్లు కుమ్మరించినట్టయింది. తను కాపాడుకోవాల్సినవాటినే ఏరి, అందరి ముందూ నిలబెట్టి చూపించింది.

నమాజు ముగిసింది. తెల్లటోపీ పెద్దాయన కత్తి తుడుచుకుంటూ వచ్చాడు. "ఏదమ్మా?"

రెండిటిలో ఒకటి పోతుంది. ఒకటి మిగులుతుంది. ఒక్క పుంజుతో కూడా కుటుంబాన్ని నిలబెట్టొచ్చు. అదీ ఏ కుక్కో ఎత్తుకుపోకుండా, ఏ జబ్బూ చేయకుండా ఉంటే. ఆమె కూత పెట్టిన పుంజును ఎత్తి ఇచ్చేసి, ఇంకోదాన్ని గుండెకు హత్తుకుంది. దాని గుండె ఆమె చేతికి దడదడ కొట్టుకుంటోంది.

పెద్దాయన పెదవులు కదిలాయి. కత్తి కదిలింది.

"అమ్మా, దాని తుంటి ఒక్కసారి నేను చూస్తా," అంది శ్రీరంజని. హత్తుకున్న పుంజును రామకృష్ణప్ప చేతికిచ్చి, అలవాటైన చేతులతో కోసినదాని చర్మం చీల్చి, తొడను వెనక్కి విరిచింది. మంచి ఎముకైతే తల తెల్లగా, నున్నగా, నిగనిగలాడుతూ గూటిలోంచి ఊడి రావాలి.

ఊడి రాలేదు. విరిగింది. తల గూటిలోనే ఉండిపోయింది. వేలు పెట్టి తీస్తే తడిసిన బెల్లంలా నలిగింది. పసుపురంగు చీము.

శ్రీరంజని చుట్టూ చూసింది. ఎముక ఆమె అరచేతి మాటున ఉంది. ఇంకెవరికీ కనపడలేదు.

"ఎట్లుండాది?" అంది మునిలక్ష్మమ్మ. వంగి చూడలేదు. శ్రీరంజని ముఖం వైపే చూస్తోంది. ఒక చెయ్యి మనవరాలి తుంటి మీద, గౌను కింద ఆపరేషన్ మచ్చ ఉన్నచోట, తనకు తెలియకుండానే నిమురుతోంది.

బాగుంది అంటే చాలు. ఒక్క మాట. మొక్కు తీరిపోతుంది, రెండో పుంజు బతుకుతుంది, తను కారెక్కి వెళ్లిపోవచ్చు. కుళ్లింది అంటే ఈవిడ రెండోదాన్ని అడుగుతుంది. అడిగే హక్కు ఉంది.

కానీ ఆ రోజు బెణుకు కాదు, ఎముకలో చీము అని తను అన్నప్పుడు ఈవిడ మారు మాట్లాడకుండా పిల్లను ఎత్తుకుని బస్సెక్కింది. ఎముక గురించి తను చెప్పే మాటను నమ్మే మనిషికి, ఎముక గురించే అబద్ధం ఎలా చెప్పేది?

అరచెయ్యి తెరిచింది. "కుళ్లుండాదమ్మా. లోపల. పైకి కనపడలేదు."

రామకృష్ణప్ప నాలిక కరుచుకున్నాడు. మునిలక్ష్మమ్మ ముఖంలో రక్తం లేదు. పిల్లను దగ్గరకు లాక్కుంది.

"అయితే," అంది, "ఇంకోటి ఇయ్యమ్మా."

శ్రీరంజని తలూపింది. రామకృష్ణప్ప చేతుల్లోంచి రెండో పుంజు పెద్దాయన చేతుల్లోకి పోవడం చూడలేక తొట్టి వైపు తిరిగింది. ఐదేళ్లు. కూలబడ్డ రెండు పుంజులు ఇంకా నీళ్లలోనే ముడుచుకుని ఉన్నాయి. ఎవరికీ అక్కర్లేనివి. కనీసం తడి లేని చోట పెడదామని ఒకదాన్ని ఎత్తింది. కాళ్లు పట్టుకోగానే అది గింజుకుంది.

వేళ్లకు ఏదో తగిలింది. గాడి. కాలి చుట్టూ, పైచర్మం ఒరుసుకుపోయి, వాచి, నీలంగా కమిలిన గాడి. రెండోదాన్ని లాగి చూసింది. దానికీ అంతే.

తాడు. టెంపో కమ్మీ. చేళూరు గుంతలు.

ఫోన్‌లో ఆ మాట తన చెవిన పడింది. పుంజులు బతికున్నాయా లేదా అన్న ధ్యాసలో అది మనసుకెక్కలేదు. పరీక్షకు ముందు కాళ్లు తడిమి చూడాలన్నది తను శిక్షణ ఇచ్చే ప్రతి కుర్రాడికీ మొదటి రోజే చెప్పే మాట. ఇవి తుంటి నొప్పితో కూర్చోలేదు. దారంతా వేలాడిన కాళ్లు ఇవి.

చటుక్కున వెనక్కి తిరిగింది. అప్పటికే కత్తి పని అయిపోయింది.

రెండోదాని తొడనూ అలాగే వెనక్కి విరిచింది. తల మళ్లీ గూటిలోనే విరిగింది. మళ్లీ చీము. ఇక అనుమానం లేదు. పహిల్వాన్లిద్దరూ పదకొండో కుటుంబం వాళ్లు. ఆఖరి నిమిషం దాకా రాతి స్తంభాల్లా నిలబడ్డారు, లోపల కుళ్లుతూ.

"అదీ అంతేనా?" అంది మునిలక్ష్మమ్మ.

"అంతేనమ్మా."

"అయితే మంచివి యాడుండాయి?"

ఇంకోసారి నోరు మూసుకునే అవకాశం వచ్చింది. శ్రీరంజని ఈసారి ఎక్కువసేపు ఆలోచించలేదు. "ఆ రెండూ. తొట్టిలో కూలబడినవి. వాటి ఎముకల్లో ఏ రోగమూ లేదు. తాడు ఒరుసుకుని కూర్చున్నాయి, అంతే."

పెద్దాయన కత్తి పట్టుకుని నిలబడే ఉన్నాడు. మునిలక్ష్మమ్మ వచ్చి ఒక పుంజును ఒళ్లోకి తీసుకుంది. తిప్పి, కాలి గాడిని బొటనవేలితో తడిమింది. పుంజు కీచుమంది.

"గాయముండేది ఇయ్యగూడదు," అంది మునిలక్ష్మమ్మ. "మేము చేసిన గాయమే అయినా." మొగుడి వైపు తిరిగింది. "అంత గట్టిగా కట్టమని ఎవరు చెప్పిరి నీకు?"

"ఒదులుగా కడితే చేళూరులోనే దిగిపోయుండును," అన్నాడు రామకృష్ణప్ప.

"రెండు ఇస్తిని. రెండూ లెక్కకి రాకపాయె," అంది ఆమె. "డాక్టరమ్మా, పిల్లకి ఏమన్నా..."

"అవ్వా," అంది శృతి.

ఎప్పుడు ఎక్కిందో, పిల్ల తొట్టిలో ఉంది. గౌను ఎత్తిపట్టి, మడమలదాకా నీళ్లలో.

"నాకూ పరీక్ష పెట్టు," అంటూ మంచి కాలు పైకెత్తింది. ఆపరేషన్ అయిన కాలి మీద నిలబడింది.

"దిగే!" అని అరవబోయి ఆగిపోయింది మునిలక్ష్మమ్మ.

శ్రీరంజని కూడా కదల్లేదు. ఇందాక పుంజుల్ని చూసినట్టే అందరూ ఆ సన్నటి కాలినే చూస్తున్నారు. మోకాలు కాస్త ఊగింది. చేతులు రెక్కల్లా చాచింది. ఊగడం ఆగింది. నీళ్లు నిశ్చలమయ్యాయి. పిల్ల నాలిక బయటపెట్టి, కళ్లు పైకప్పు రేకుల మీద నిలిపి, అలాగే నిలబడింది. పొయ్యి మీద ఎసరు పొంగి మంటలో పడి సుయ్యిమంది. ఎవరూ అటు తిరగలేదు.

"చాల్లే. దిగు. కాలు నానిపోతాది," అంది మునిలక్ష్మమ్మ చివరికి. ఈసారి కళ్లు తుడుచుకోడానికి ఉల్లిగడ్డల వంక కూడా లేదు.

కోసిన పుంజుల మాంసం ఎవరూ తినొద్దంది శ్రీరంజని. గుంత తీసి పూడ్చారు. చింతామణి చికెన్ వచ్చింది, ఉడికింది, చుట్టాలు తిన్నారు. రామకృష్ణప్ప మాట తప్పకుండా పెరుగన్నం తెప్పించాడు. ఆమెకు రెండు ముద్దల కంటే దిగలేదు.

పుంజుల కాళ్లకు పసుపు పెట్టి గుడ్డ చుట్టి, మునిలక్ష్మమ్మే కారు వెనక సీట్లో గోనెసంచి పరిచి కూర్చోబెట్టింది. తలుపు మాత్రం మూయలేదు.

"నా మొక్కు అట్లే ఉండాది," అంది.

"తెలుసమ్మా."

"వీటికి పిల్లలు లేపుతావు కదా. మళ్లీ ఏడాది దాంట్లోంచి ఒక పుంజు. నేను ఎంచను. నా కన్ను మోసపోయింది. నువ్వే ఎంచి, బాగుండాదని నీ నోటితో చెప్పి ఇయ్యల్ల. అన్నిటికంటే మంచిది."

అన్నిటికంటే మంచిది అంటే, తను అన్నిటికంటే ఎక్కువగా దాచుకోవాలనుకునేది. దాని లోపలి ఎముక బాగుందని చెప్పాలంటే, ముందు దాని తోబుట్టువులెన్నిటినో కోయాలి. ఆ తర్వాత దాన్నీ ఇచ్చేయాలి.

"ఇస్తా," అంది శ్రీరంజని.

మునిలక్ష్మమ్మ కాసేపు ఆమె ముఖం చూసింది. ఆ తర్వాత తలుపు మూసింది.

చేళూరు రోడ్డులో శ్రీరంజని రెండో గేరు దాటలేదు. ప్రతి గుంత దగ్గరా ఆగి, పక్కకు తప్పించి, నీళ్లు నిండిన కుండ మోస్తున్నట్టు నడిపింది. వెనక నుంచి రామకృష్ణప్ప వాళ్ల టెంపో ఆపకుండా హారన్ కొడుతోంది. ఫోన్ మోగింది.

"ఏమ్మా," అన్నాడు రామకృష్ణప్ప, "ఇట్ల పోతే బాగేపల్లి చేరేలోపల అవి గుడ్లు పెట్టేస్తాయి."

"అవి పుంజులప్పా."

"తెలుసులేమ్మా. నీ నడకకి పుంజులే పెట్టేస్తాయంటాండా."

అద్దంలోకి చూసింది. గోనెసంచి మీద ఒక పుంజు కాళ్లు కూడదీసుకుంటోంది. ఒకసారి పడింది. మళ్లీ లేచింది. శ్రీరంజని కారు రోడ్డు పక్కకు తీసి ఆపింది. టెంపో తిట్టుకుంటూ దాటిపోయింది. పసుపు గుడ్డ చుట్టిన కాళ్ల మీద పుంజు నిలబడేదాకా ఆమె ఇంజన్ స్టార్ట్ చేయలేదు.